ఎవరో ఆపేస్తున్న అలారం

అశోక్ నగర్‌లో నా చాయ్ బండి ముందు నిలబడి పోటీ పరీక్షలకు చదివినవాళ్లు కొందరు ఆఫీసర్లయ్యారు. నేను ఏడో తరగతిలోనే బడికి రాజీనామా ఇచ్చి వాళ్లకు చాయ్ పోశాను. వాళ్లు ఒకరినొకరు అడిగే బిట్లు వినివిని నాకూ సగం సిలబస్ వచ్చేసింది. అప్లికేషన్ పెట్టలేదు గానీ, పెడితే మిమ్మల్ని ఏ కలెక్టరాఫీసు వరండాలోనో కూర్చోబెట్టి ఉండేవాణ్ణి.

లాక్‌డౌన్ అనగానే ఆ పిల్లలంతా సంచులు భుజాన వేసుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. గల్లీలో ర్యాంకర్ల ఫొటోలతో కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు మాత్రం మిగిలాయి. నరమానవుడు లేని రోడ్డు మీద, మాస్కుల్లేకుండా అన్ని మొహాలు, అన్నీ నవ్వుతూ. మిట్టమధ్యాహ్నం వాటి కింద నడుస్తుంటే వీపు మీద చూపులు ఆనుతున్నట్టు ఉండేది. ఒకరోజు నేనే చేయి ఊపాను. అంతమంది చూస్తుంటే పలకరించకపోవడం బాగుండదు కదా.

బండి పక్కనే కర్రీ పాయింట్ నడిపే అక్క ఉంది. ఇద్దరి దుకాణాలూ బంద్. ఆమె బియ్యం, నా గ్యాసు కలిపి, జ్వరాలతో తలుపులేసుకున్న ఇళ్లకు అన్నం వండటం మొదలుపెట్టాం. చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లో డబ్బాలు పంచడం నా వంతు. గేటు దగ్గర స్టూలు మీద డబ్బా పెట్టాలి, కర్రతో బెల్లు నొక్కాలి, రోడ్డు అవతలికి పోయి నిలబడాలి. తలుపు సందులోంచి ఒక చేయి వచ్చి, డబ్బా అందుకుని లోపలికి పోయేది. ఆ రోజుల్లో మనుషులు నాకు మోచేతి వరకే తెలుసు. నారాయణగూడలో ఒక ఇంటి నుంచి రోజూ ఆకుపచ్చ గాజుల చేయి వచ్చేది. ఒకరోజు అదే తలుపులోంచి మగచేయి వచ్చింది. అడగాలని నోరు తెరిచాను, మాస్కు వెనకే మూసేసుకున్నాను.

పంచి వచ్చాక అక్కా నేనూ చెరో గోడకు ఆనుకుని తినేవాళ్లం. అలాంటి ఒక మధ్యాహ్నం, ఎదురుగా తాళం వేసి ఉన్న మగపిల్లల హాస్టల్లోంచి ట్రింగ్‌మని వినిపించింది. మళ్లీ ఒకసారి. అంతే, ఆగిపోయింది.

"విన్నవా?" అంది అక్క, ముద్ద చేతిలోనే పట్టుకుని.

"పావురాలక్కా. పిల్లలు పోయినంక గవే గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితున్నయి."

"నీ మొహం. పావురాలు అలారం పెట్టుకుంటయా?"

"సీరియస్ పావురాలు."

మర్నాడూ అదే వేళకు మోగింది. రెండు ట్రింగులు, ఆ తర్వాత టక్కున నిశ్శబ్దం. ఈసారి నాకు జోకు తట్టలేదు. ఆ గడియారాల సంగతి నాకు తెలుసు. ఫోన్ చేతిలో ఉంటే చదువు సాగదని ఈ పిల్లలు కోఠీ ఫుట్‌పాత్ మీద కొనుక్కునే బుల్లి టేబుల్ గడియారాలవి. నెత్తిన ఒకటి ఇస్తేగానీ నోరు మూయవు. మరి దీని నెత్తిన కొడుతున్నది ఎవరు?

"దయ్యమా ఏందిరా?" అక్క గొంతు తగ్గించింది.

"దయ్యానికి టైమ్ టేబుల్ ఎందుకక్కా?" అంటూనే చేయి కడుక్కుని లేచాను.

రోడ్డు మీద నిలబడి అరిచాను. "ఎవరైనా ఉన్నరా లోపల?" నా గొంతే గోడలకు తగిలి నా దగ్గరికి వచ్చింది. రెండో అంతస్తు కిటికీలో ఆరేసిన తువ్వాలు కొంచెం కదిలింది. గాలి మాత్రం లేదు.

హాస్టల్ ఓనర్‌కు ఫోన్ చేశాను.

"ఖాళీ హాస్టల్ల ఎవరుంటరే? నేనే దగ్గరుండి తాళమేసిన. పట్టపగలే ఏసుకొని ఫోన్ చేస్తున్నవా?"

"వైన్స్ గూడ బందే గదన్నా," అన్నాను. పెట్టేశాడు.

ఆ మర్నాడు మోగింది. రెండుసార్లు. మూడోసారి. నాలుగు. ఆగలేదు. ఖాళీ గల్లీ పొడుగునా ఆ శబ్దం అటూ ఇటూ పరుగెడుతూనే ఉంది. అక్క కంచం కింద పెట్టేసింది.

"వాడు ఆపుతలేడురా."

అప్పటిదాకా మేమిద్దరం 'అది' అనే అనుకున్నాం. ఆమె 'వాడు' అన్నాక ఇంక కూర్చోలేకపోయాను. అల్లం దంచే రాయి తెచ్చి తాళం పగలగొట్టాను. అక్క ఇంకో మాస్కు నా మొహాన కొట్టింది. "ఒకదాని మీద ఇంకొకటి పెట్టుకో. హీరోలెక్క ఉరకకు."

లోపల వరస తలుపులు, తలుపుల బయట చెప్పులు, గోడల నిండా అంటించిన మ్యాపులు. రెండో అంతస్తుకు ఎక్కుతున్నకొద్దీ ఆ మోత చెవిలోనే మోగుతున్నట్టుంది. చివరి గదికి లోపల గడియ పెట్టి ఉంది. పక్కనే వరండా వైపు కిటికీ. ఊచల్లోంచి చూస్తే మంచం మీద దుప్పటి, దాని కింద మనిషంత పొడుగు. గడియారం తల దగ్గరే అరుస్తోంది, దుప్పటి కదలడం లేదు.

"తమ్మీ!" అన్నాను. "తమ్మీ, ఇనవడుతుందా?"

అక్క నా చొక్కా పట్టుకుని కిటికీకి దూరంగా లాగింది. నాకు ఇంకేం తోచలేదు. బండి దగ్గర రోజూ వినేదే నోటికొచ్చింది.

"తమ్మీ, తెలంగాణ రాష్ట్ర పక్షి ఏది?"

గడియారం మోగుతూనే ఉంది. ఆ మోత అడుగు నుంచి, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు.

"పాల... పిట్ట."

అక్క గోడకు ఆనుకుని ఏడ్చేసింది. వరండాలో పడి ఉన్న చీపురు కర్ర ఊచల్లోంచి పెట్టి గడియ తీశాను. తలుపు దగ్గరి నుంచే నీళ్ల సీసా కర్రతో ముందుకు నెట్టాను. అంబులెన్స్ వచ్చేదాకా మేం వరండా చివర, అతను మంచం మీద. మాట్లాడే ప్రతి మాటకూ ఆయాసం.

"అందరు పోయేటప్పుడే జ్వరముండే అన్నా. మా నాయినకు దమ్ము బీమారి ఉన్నది. నేను పోతే ఆయనకు అంటుకుంటది. చెప్తే హాస్టల్ల ఉండనియ్యరు. తాళమేసేటప్పుడు బాత్రూంల దాక్కున్న."

"మరి గీ అలారమేంది బిడ్డా?" అక్క అడిగింది.

"గోలీలు ఏసుకోవాలె గద."

తెల్ల సూట్లవాళ్లు వచ్చి అతన్ని తీసుకెళ్లారు. గదికి మందు కొట్టి తలుపు మూశారు. గేటుకు నేను తాడు కట్టాను. గడియారం మాత్రం లోపలే ఉండిపోయింది. అతను చెప్పిపోయిన నంబరు స్విచ్ ఆఫ్, ఆసుపత్రిలో ఎవరూ ఎత్తేవారు కాదు. రోజూ మధ్యాహ్నం అది మోగేది. ఎవరూ ఆపకపోతే ఎంతసేపు మోగుతుందో మాకు అప్పుడే తెలిసింది. అలసిపోయి ఆగేదాకా మేమిద్దరం నమలడం ఆపి కూర్చునేవాళ్లం. ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

చాలా రోజుల తర్వాత, డబ్బాలు పంచి వచ్చి కూర్చున్నాం. మోగింది. రెండు ట్రింగులు. ఆగిపోయింది.

"బ్యాటరీ అయిపోయినట్టున్నది," అంది అక్క, చాలా మెల్లగా. ఎవరో ఊడదీసిన గేటు తాడు నేల మీద పడి ఉండటం అప్పుడు చూశాను. లేవడానికి ధైర్యం చాలలేదు. కూర్చున్నచోటు నుంచే మెడ ఎత్తి అరిచాను.

"తమ్మీ! రాష్ట్ర జంతువు ఏది?"

ఫ్లెక్సీల మీది మొహాలన్నీ జవాబు కోసం నవ్వుతూ ఎదురుచూశాయి. రెండో అంతస్తు కిటికీలోంచి పావురాలు ఒక్కసారిగా బయటికి లేచాయి. వాటి వెనక దగ్గు. ఆ దగ్గు వెనక గొంతు.

"జింక! జర కష్టమైనయి అడుగన్నా."

అక్క లేచి, పొయ్యి మీదికి ఇంకో గ్లాసు బియ్యం కడిగింది.