వెనక్కి తిరిగి పరుగెత్తే మనిషి

బౌదేలియో యోకుపీసియో తులారెస్ ఊరి బేస్‌బాల్ జట్టుకి మేనేజరైన మొదటి శీతకాలంలో మూడుసార్లు నుదురు పగలగొట్టుకున్నాడు. మూడుసార్లూ జట్టు కూర్చునే డగౌట్‌లోనే. బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు చెవిన పడగానే ఆయన ఒళ్లు ఆయన మాట వినేది కాదు. గిరుక్కున వెనక్కి తిరిగి పరుగు అందుకునేది. పద్దెనిమిదేళ్లు సెంటర్ ఫీల్డ్‌లో, బ్యాటుకి ఎదురుగా దూరాన నిలబడి బంతులు కాసిన ఒళ్లు కదా, తను ఇప్పుడు బెంచీ మీద కూర్చునే మనిషినని, వెనకాల ఉన్నది గోడ అని దానికెవరు చెప్పాలి? తులారెస్ జనం పొట్ట పట్టుకుని నవ్వారు. నాలుగోసారి నుంచి ఆయన తిరిగేటప్పుడు అరచెయ్యి ముందుకు చాచడం నేర్చుకున్నాడు.

క్రిస్పీన్ బుయితిమెయా మాత్రం నవ్వలేదు. ఆ మైదానంలో గడ్డి కోసేది, నీళ్లు పెట్టేది, సున్నంతో గీతలు గీసేది అతనే. ఆట జరిగినంతసేపూ డగౌట్ మూలన నీళ్ల గొట్టం చుట్ట మీద కూర్చునేవాడు. మూడోసారి నుదురు పగిలిన రోజున అతనొకటి గమనించాడు. బౌదేలియో ఏ భుజం తిప్పాడో బంతి అటే వెళ్లింది. ఎంత తిప్పాడో అంత దూరమే వెళ్లింది. బంతి ఇంకా పైకి లేస్తూనే ఉంది, అది ఎక్కడ పడుతుందో ఆ భుజానికి అప్పటికే తెలుసు. ఆ రోజు నుంచి క్రిస్పీన్ బంతిని చూడడం మానేశాడు. బౌదేలియోని చూడడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ మాయో నది కాలవల కింద పుట్టినవాళ్లే. క్రిస్పీన్ కూతురి జ్ఞానస్నానానికి బౌదేలియో జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అప్పటినుంచి ఒకరినొకరు కొంపాద్రే అనే పిలుచుకునేవారు. చిన్నప్పుడు బౌదేలియో ఆడిన నేలకి వెనక హద్దు కాలవ. ఉన్నది ఒకటే బంతి. అది నీళ్లలో పడితే ఆ వారానికి ఆట లేనట్టే. అందుకే బంతికి వీపు పెట్టి పరుగెత్తి, కాలవ గట్టు మీద కాలు ఆపి, తల తిప్పకుండానే చెయ్యి చాచడం ఆయనకి అబ్బింది. తులారెస్ కొంగల జట్టులో చేరాక ఆ విద్య చూడడానికే జనం టిక్కెట్టు కొనేవారు. బ్యాటింగ్ సంగతి వేరు. ఆయన బ్యాటు పట్టుకుంటే చీపురు పట్టుకున్నట్టు ఉంటుందని ఆయన భార్యే చెప్పేది.

1974 జనవరిలో, ఆయన మేనేజరైన ఐదో ఏట, కొంగల జట్టు ఫైనల్‌కి చేరింది. ఐదు ఆటల ఫైనల్‌లో చెరి రెండు గెలిచారు. ఆఖరిది ఆదివారం మధ్యాహ్నం. ఆ పొద్దున జట్టు యజమాని, ఊరంతా గౌరవంగా దోన్ అని పిలిచే ఐసు ఫ్యాక్టరీ అన్సెల్మో, నేరుగా మైదానంలోకి వచ్చాడు.

“ఏమయ్యా బౌదేలియో, మన సెంటర్ ఫీల్డర్ లియోబార్దోకీ సెకండ్ బేస్ కాసేవాడికీ పెళ్లి కుదిర్చావా? ఒకర్నొకరు విడిచి ఉండలేకపోతున్నారు.”

“దగ్గర నిలబడితేనే ముందు పడేవి అందుతాయి, దోన్ అన్సెల్మో.”

“మరి తల మీంచి పోయేవో?”

“వాటి వెనక పరుగెత్తాలి.”

“మంగళవారం పరుగెత్తాడు. గురువారం పరుగెత్తాడు. రెండు ఆటలూ పోయాయి. ఇవాళ లియోబార్దోని పది అడుగులు వెనక్కి జరుపు. జరపకుండా గెలిచావా, నీ ఇష్టం. జరపకుండా ఓడావా, రేపు పొద్దున పెట్టె సర్దుకో.”

ఆయన వెళ్లాక బౌదేలియో చెప్పులు విప్పి మైదానం చివరి గోడ దాకా నడిచాడు. గోడ ముందు గడ్డి లేని మట్టి పట్టీని కాలివేళ్లతో నొక్కి చూశాడు.

“తడి సరిపోయింది, కొంపాద్రే. కాలు పెట్టగానే గోడ దగ్గరైందని తెలుస్తోంది.”

క్రిస్పీన్ గొట్టం చుడుతూ అన్నాడు, “ఈ ఒక్కరోజుకీ పది అడుగులు జరిపితే ఏం పోయింది? మా ఆవిడ కూడా అదే అంటోంది.”

“మీ ఆవిడ ఎప్పుడైనా సెంటర్ ఫీల్డ్ ఆడిందా?”

“నాతో ఇరవై రెండేళ్లు కాపురం చేసింది. ఏది ఎక్కడ పడుతుందో ఆవిడకి తెలుసు.”

బౌదేలియో నవ్వాడు. “ఒక వేసవి టెక్సాస్‌లో ఆడాను, గుర్తుందా? అక్కడి మేనేజరు నన్ను వెనక్కి నిలబెట్టాడు. వేసవంతా ముందు పడ్డ బంతులు ఏరాను. మా అమ్మ జీవితమంతా ఒంగి టొమాటోలు ఏరింది. ఇంట్లో ఒకరు ఏరితే చాలదా? పని పోతే పోనీ. లియోబార్దో చేత మాత్రం ఏరించను.”

లియోబార్దో సౌసేదాకి ఇరవై మూడేళ్లు. మూడు శీతకాలాలుగా బౌదేలియో రోజూ పొద్దున్నే అతన్ని తన వైపు వీపు పెట్టి నిలబెట్టి బంతులు కొట్టేవాడు. “చూడకు, విను,” అనేవాడు. మొదటి ఏడాది లియోబార్దో విన్నది జనం నవ్వులే.

మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలైంది. మాంసం కాలుస్తున్న పొగ మైదానం మీదుగా పోతోంది. లియోబార్దో ఎప్పటిలాగే దగ్గరగా నిలబడ్డాడు. మూడో వరసలోంచి వేరుశనక్కాయలమ్మే ఆవిడ మొదలెట్టింది.

“ఒరేయ్ లియోబార్దో, అక్కడ నీకు కాఫీ పోస్తున్నారా ఏంట్రా? తాగేశాక ఆ కప్పు కడిగిచ్చి వెనక్కి పో!”

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కొంగలకి మూడు పరుగులు, అవతలివాళ్లకి రెండు. సెకండ్ బేస్ మీద అవతలివాడొకడు పరుగుకి సిద్ధంగా ఉన్నాడు, వాడు ఆ పరుగు పూర్తి చేస్తే స్కోరు సమం. బ్యాటు అంచుకి తగిలిన బంతి ఒకటి మెత్తగా లేచి, ఎవరూ లేని చోట పడబోయింది. లియోబార్దో ముందుకు దూకి బూటు ఎత్తులో అందుకున్నాడు. శనక్కాయల ఆవిడ ఆ తరవాత కాఫీ ఊసెత్తలేదు.

తొమ్మిదో ఇన్నింగ్స్. ఇద్దరు ఔటయ్యారు, ఇంకొక్కడు ఔటైతే ఆట కొంగలదే, కానీ ఇద్దరు బేసుల మీద ఉన్నారు. బ్యాటు పట్టుకుని వచ్చినవాణ్ణి తీరమంతా ఎద్దు అని పిలిచేవారు. దోన్ అన్సెల్మో తన సీట్లోంచి లేచి నిలబడి, టోపీతో వెనక్కి, వెనక్కి అని ఊపుతున్నాడు. మైదానమంతా చూసింది. బౌదేలియో కూడా చూశాడు. జేబురుమాలు తీసి ఊపి లియోబార్దోని రెండడుగులు ఎడమకి జరిపాడు. వెనక్కి మాత్రం జరపలేదు.

చప్పుడైంది.

క్రిస్పీన్ చూస్తున్నది బౌదేలియోనే. ఆయన కుడి భుజం పూర్తిగా తిరిగిపోయింది. ఈ ఐదేళ్లలో అది అంతగా తిరగడం క్రిస్పీన్ ఎన్నడూ చూడలేదు. రెండంగల్లో డగౌట్ వెనకగోడ చేరి, దానికి అరచెయ్యి ఆనించి, అలాగే ఉండిపోయాడు. ఇక ఆయన మైదానం చూడడం లేదు. అంతే, అనుకున్నాడు క్రిస్పీన్. బంతి లియోబార్దో తల మీంచి పోయింది. మైదానం గోడ దాకా పోతుంది. కొంపాద్రే పని కూడా పోయింది.

అప్పుడు, ఐదేళ్లలో మొదటిసారి, అతను తల తిప్పి మైదానంలోకి చూశాడు.

లియోబార్దో మొహం కనబడలేదు, వీపు మీది అంకె కనబడింది. అప్పటికే సగం దూరం పోయాడు. అదే భుజం, అదే వొంపు, ముందుకు వాల్చిన అదే మెడ. బౌదేలియో ఇక్కడ తిరిగిన క్షణంలోనే అక్కడ అతనూ తిరిగాడన్నమాట. ఇక్కడ నలభై ఏడేళ్ల మనిషి రెండంగల్లో ముగించిన పరుగుని అక్కడ ఇరవై మూడేళ్ల మనిషి పూర్తి చేస్తున్నాడు. ఒక్కసారి కూడా పైకి చూడలేదు. తడిమట్టి కాలికి తగలగానే వేగం తగ్గించి చెయ్యి చాచాడు. బంతి తన చోటు తాను వెతుక్కుంటూ వచ్చినట్టు అందులోకి దిగింది.

నాలుగు వేల మంది ఉన్నచోట కాలుతున్న మాంసం చిటపటలు వినబడ్డాయి. తరవాత లేచిన హోరుకి డగౌట్ రేకు వణికింది. క్రిస్పీన్ గొట్టం చుట్ట మీదే కూర్చుని టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు, చర్చి పూజలో కూర్చున్నట్టు.

దోన్ అన్సెల్మో దిగి వచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

“పది అడుగులు వెనక ఉంటే నడుచుకుంటూ వెళ్లి పట్టేవాడు. నా గుండె నాకు దక్కేది.”

“నిజమే,” అన్నాడు బౌదేలియో. “కానీ ఎనిమిదో దాంట్లో ఆ మెత్తగా లేచిన బంతి నేల మీద పడేది.”

దోన్ అన్సెల్మో ఆ మాట కాదనడానికి ఎవరైనా దొరుకుతారేమోనని చుట్టూ చూసి, క్రిస్పీన్‌ని పట్టుకున్నాడు. “నువ్వు దగ్గరే ఉన్నావుగా, చెప్పు. ఈయనది బుర్రా, అదృష్టమా?”

“నేను బంతిని చూళ్లేదు, దోన్ అన్సెల్మో.”

“ఐదేళ్లుగా ఇక్కడ కూర్చుని మరి దేన్ని చూస్తున్నావయ్యా?”

క్రిస్పీన్ గడ్డం ఎత్తి బౌదేలియోని చూపించాడు. “ఈయన భుజాన్ని. బంతి ఎక్కడ పడుతుందో మీ అందరికంటే ముందు నాకే తెలుస్తుంది.”

దోన్ అన్సెల్మో ఆ భుజాన్ని పరీక్షగా చూశాడు. గోడకి ఆనించిన అరచేతికి అంటిన సున్నం చూశాడు. తను తాగాల్సిన బీరు సీసా తెచ్చి బౌదేలియో చేతికిచ్చి, క్రిస్పీన్ వైపు తిరిగాడు.

“వచ్చే ఏడాది ఇక్కడ నాక్కూడా ఒక కుర్చీ వెయ్యి.”