పేజీ సంఖ్య లేని మాట

దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలోని మా తెలుగు గ్రంథాలయంలో నెలకొక ఆదివారం పుస్తక చర్చ జరుగుతుంది. నిర్వహణ నాది. పేజీ సంఖ్య చెప్పిన తరువాతనే ఎవరైనా మాట్లాడాలన్న నియమమూ నాదే. చాలాకాలం పాఠశాల నడిపినదానిని. పుస్తకాన్ని వదలి సొంత కథల్లోకి జారిపోయే సభలు నాకు గిట్టవు. ఎవరు ఏ పేజీ గురించి ఏమన్నారో రిజిస్టరులో నేనే రాస్తాను.

ఆ మధ్యాహ్నం కిటికీలోంచి బూరుగు దూది తేలివస్తున్నది. ఒక్కొక్క పింజ ఎక్కడ వాలాలో తేల్చుకోలేక బల్లమీద నెమ్మదిగా తిరుగుతున్నది. మేము చదివిన నవల స్వాతంత్ర్యానికి ముందునాటిది. ఊరి బావిలో అందరికీ నీళ్లు తోడుకొనే హక్కు కోసం రెండు కులాల స్నేహితురాళ్లు కలిసి నిలబడతారు. చివరి పేజీలో ఒకే చెంబుతో నీళ్లు తాగుతారు. అందరూ ఆ పేజీనే మెచ్చుకున్నారు.

కంటోన్మెంటు నుంచి వచ్చే సుబేదారు గారి భార్య ఏడాదిగా ఒక్కసారీ నోరు విప్పలేదు. భర్తకు బదిలీ అయింది. ఆమెకు అదే చివరి సమావేశం. ఆ రోజు చేయి ఎత్తింది. అలవాటుగా రిజిస్టరులో ఆమె పేరు రాశాను.

"మా అవ్వకూ ఇట్లాంటి నేస్తం ఒకామె ఉండె మేడం."

"పేజీ సంఖ్య?"

"నా మాటకు పేజీ లేదు మేడం."

సాకేత్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి నవ్వింది. "దీదీ, పేజీ నంబర్ చెప్పకపోతే ఆంటీ ఛాయ్ కూడా ఇవ్వనివ్వరు."

ఆమె కూడా నవ్వి, పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నది. నేను మరొకరిని పిలిచాను. వారేమన్నారో నాకు వినపడలేదు. ఆమె పేరు పక్కన గడి ఖాళీగా ఉన్నది. ఖాళీ గడి వదలడం నా పద్ధతి కాదు.

"అమ్మా, మీ అవ్వగారి సంగతి చెప్పండి," అన్నాను.

"ఆయమ్మ నీళ్లు తోడి పైనుంచి పోస్తాండె. మా అవ్వ దోసిలి పట్టి తాగుతాండె. ముసలోళ్లు అయ్యేదాక నేస్తమే. కష్టం సుఖం చెప్పుకుంటాండ్రి. చెంబు మాత్రం తాకనీలేదు. మరి అది స్నేహమేనా మేడం? ఎవర్నన్నా అడగాలనుకుంటి. మల్లా మీరంతా దొరకరు కదా."

నా కళ్లముందు మా పెరటి గుమ్మం నిలిచింది. మా అమ్మ ఎత్తిన చెంబు, సన్నని నీటిధార, దాని కింద ఒక దోసిలి, నల్లగాజులు. ఆ దోసిలి పట్టినామె ముఖం గుర్తులేదు. అమ్మ ఆమెను వదినా అని పిలిచేది. చెంబుకూ దోసిలికీ నడుమ ఉన్న ఆ ఎత్తును చిన్నతనంలో నేను మర్యాద అనుకున్నాను.

"తెలియదమ్మా," అన్నాను. "పోసే చేయి మా ఇంట్లోనే ఉండేది."

ఆమె నావైపు చూసింది. "అచ్ఛా మేడం," అని, సంచిలోంచి పుస్తకం మళ్లీ బయటికి తీసింది.

ఆమె మాటలన్నీ రాశాను. అవి వరుస దాటి, కింది వరుసలోకీ వెళ్లాయి.

"పేజీ కాడ ఏం రాసినారు మేడం?"

"ఏమీ రాయలేదమ్మా. ఆ గడి ఖాళీగానే ఉంటుంది," అని రిజిస్టరు ఆమె వైపు తిప్పాను.