ఇక్కడే అంటే ఎక్కడ?

చిటపటమ్మ తిట్లకి ఒకసారి కంప్యూటరు వెక్కి వెక్కి ఏడ్చింది. కీబోర్డు మీద కన్నీళ్లు చూసినవాళ్లున్నారు. సరే, పక్కనే ఆమె ఠపీమని పెట్టిన మంచినీళ్ల గ్లాసు కూడా ఉంది కాబట్టి, అవి కన్నీళ్లేనని ఒట్టు వేయలేం. తిట్లు మాత్రం నిజం.

ఉద్యోగం మానేశాక ఆమె సొంతంగా పట్టుకున్న మొదటి పని, ఒక స్కానింగ్ సెంటర్ వెబ్‌సైట్. అందులో బటన్ నొక్కితే పేషెంటుకి మెయిల్‌తో పాటు రిపోర్టు వెళ్లాలి. మెయిల్ వెళ్లింది. రిపోర్టు వెళ్లలేదు.

"ఏమ్మా, సంచి పంపించి కూరలు మర్చిపోయావా?" అన్నాడు డాక్టరు ఫోనులో. "సాయంత్రానికి సరిచేయి. లేదంటే వేరేవాళ్లని చూసుకుంటాను."

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. తన చేత్తో నడిపితే ప్రోగ్రామ్ బుద్ధిగా రిపోర్టు పంపేది. బటన్ నొక్కి, వెబ్‌సైట్‌ని మోసే దూరపు కంప్యూటరు, అదే సర్వర్ చేత నడిపిస్తే ఖాళీ మెయిల్. ఇంట్లో పులి, వీధిలో పిల్లి! పాస్‌వర్డ్ మార్చింది. ఫైలు సైజు తగ్గించింది. పేరు మార్చింది. తప్పేమిటో సర్వర్ చెబితేగా? బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

"నోట్లో ఏం పెట్టుకున్నావే, చచ్చినదానా!" అని బల్ల గుద్దింది.

"నన్నేనా?" స్నానాల గదిలోంచి మొగుడి గొంతు.

"మిమ్మల్ని కాదు, మీ సవతిని!"

"సరేగానీ, తువ్వాలెక్కడ?"

"ఇక్కడే ఉంది!" తన కుర్చీ వెనక వేలాడుతోంది మరి.

"ఇక్కడే అంటే? నాకిక్కడ బకెట్టు తప్ప ఏమీ కనపడట్లేదు!"

"అబ్బా, మీ ఇక్కడ కాదండీ, నా ఇక్కడ..."

అక్కడే ఆగిపోయింది.

రిపోర్టు ఎక్కడుందో ప్రోగ్రామ్‌కి చెప్పేచోట పూర్తి చిరునామా ఇవ్వలేదు. 'ఇక్కడే, పక్క ఫోల్డర్‌లో' అన్నట్టు రాసి వదిలేసింది. తాను నడిపితే 'ఇక్కడ' అంటే తను కూర్చున్న ఫోల్డర్. సర్వర్ నడిపితే, సర్వర్ నిలబడ్డ చోటు. పాపం, దానికక్కడ బకెట్టు తప్ప ఏముంది?

మొదటి గడప నుంచి చివరి గది దాకా చిరునామా మొత్తం రాసి, ఈసారి డాక్టరు మెయిల్‌కే వెళ్లేలా బటన్ నొక్కింది. గుక్క తిప్పుకునేలోగా డాక్టరు ఫోను: "వచ్చిందమ్మా. కూరలతో సహా."

"ఏమోయ్," అంది స్నానాల గది, "నేనింకా ఇక్కడే ఉన్నాను!"

ఈ సంగతి ఎవరెత్తినా చిటపటమ్మ కస్సుమంటుంది.

"నా ప్రోగ్రామ్‌లో తప్పా? మొదటిరోజు నుంచీ శుభ్రంగా పనిచేస్తోంది. తువ్వాలూ లేదు, బకెట్టూ లేదు. అసలు నేనెప్పుడైనా ఎవరినైనా తిట్టానా?"