జూన్ ఒకటిని మింగిన కాలమ్

2022 వేసవి. గుంటూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో డేటాబేస్ పని నాది. ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి సహాయకుల శిక్షణకు దరఖాస్తులు తీసుకునే ప్రోగ్రాం మేమే రాసిచ్చాం. వివరాలు దాచే టేబుళ్ళు తయారుచేసింది మా సీనియర్ ప్రసాద్ గారు. టేబుల్‌లో ప్రతి కాలమ్‌కూ అందులో ఏం దాస్తామో ముందే చెప్పాలి. రోజును మాత్రమే దాచేది డేట్. గంటా నిమిషమూ కూడా దాచి, ఏ దేశపు గడియారానికైనా మార్చి చూపేది టైమ్‌జోన్ ఉన్న టైమ్‌స్టాంప్. పుట్టినతేదీకి ఆయన రెండోది పెట్టారు.

"పుట్టినతేదీకి టైమెందుకండీ, జాతకం వేస్తామా?" అన్నాను.

"ఉంటే ఏం పోయిందమ్మా? ఎప్పుడైనా పనికొస్తుంది."

నోరు మూసుకున్నాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది అందుకే.

ఎవరు అర్హులో, ఎవరు కాదో తెలిపే జాబితా ట్రస్టు ఆఫీసు గోడకు అంటించిన రోజు పొద్దున్నే ట్రస్టు గుమాస్తా ఫోన్ చేశాడు. "మేడం, మీ లిస్టు మీద ఇక్కడ ఒకటే గోల. మీరే వచ్చి చెప్పుకోండి."

వెళ్ళేసరికి వరండాలో మార్తమ్మ అనే ఆవిడ పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి మిరపకాయల తొడిమలు తీసే కూలిపని చేస్తోంది. ఆ మంట నుంచి బయటపడాలని దరఖాస్తు పెట్టింది. 1987 జూన్ 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకే అర్హత. ఆమె సర్టిఫికెట్‌లో సరిగ్గా అదే తేదీ ఉంది. మా జాబితాలో మాత్రం మే 31, వయసు మించింది అని ఉంది. వచ్చే ఏడాదికి ఎలాగూ వయసు దాటిపోతుంది.

"కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదమ్మా," అన్నాడు గుమాస్తా. నాకు ఒళ్ళు మండింది.

మార్తమ్మ నా వైపు తిరిగింది. "మిరపకోతల్లో పుట్టానంటండీ. ఏ రోజో మా అమ్మకే తెలీదు. బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు జూన్ ఒకటని రాశారు. నాకున్న పుట్టినరోజు అదొక్కటే. దాన్ని కూడా తీసేశారేంటండీ?"

జాబితాలో ఆమె పేరు కింద ఇంకో నాలుగు పేర్ల పక్కనా మే 31 అనే ఉంది. మా పల్లెల్లో తేదీ తెలియని పిల్లలందరికీ పంతుళ్ళు బడి తెరిచే జూన్ ఒకటే వేసేవారు. ఆ ఏడాది పుట్టినట్టు రాయించుకున్నవాళ్ళంతా సరిగ్గా అర్హత గడప మీద ఉన్నారు. టైము ఎవరూ ఇవ్వలేదు కాబట్టి డేటాబేస్ మన జూన్ ఒకటి అర్ధరాత్రి సున్నా గంటలని వేసుకుని, దాన్ని గ్రీనిచ్ కాలంలోకి మార్చి అయిదున్నర గంటలు వెనక్కి నెట్టింది. అంటే మే 31 సాయంత్రం ఆరున్నర. జాబితా తీసే ప్రోగ్రాం గంటలు కోసేసి మే 31ని ఉంచింది. మిగతా అందరి తేదీలూ ఒక రోజు జరిగాయి గానీ ఎవరి అర్హతా పోలేదు కాబట్టి ఎవరూ చూడలేదు.

ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. "ఒక్క రోజు తేడాకి ఇంత రాద్ధాంతమా? అర్హత తేదీని ఒక రోజు వెనక్కి జరిపేయ్," అన్నారు.

"ఆవిడ దగ్గరున్నది ఆ ఒక్క రోజేనండీ!" అని అరిచాను. ఆయన మీద గొంతు పెంచడం అదే మొదలు.

అక్కడే లాప్‌టాప్ తెరిచి కూర్చుని తేదీలన్నిటినీ ముందు మన కాలంలోకి తెచ్చి, ఆ తర్వాతే గంటలు తీసేసి, కాలమ్‌ను డేట్‌గా మార్చాను. మధ్యాహ్నానికి కొత్త జాబితా అంటించారు. మిర్చి లారీ యార్డుకు ఎప్పుడు చేరిందో రాయాలంటే ఆ క్షణానికి టైమ్‌స్టాంప్ కావాలి. పుట్టినరోజు క్షణం కాదు, ఎవరో చేత్తో రాసిచ్చిన రోజు. దాన్ని రాసింది రాసినట్టు ఉంచడమే నా పని అని ఆ వరండాలో అర్థమైంది.

మార్తమ్మ తన పేరు మీద వేలు పెట్టి, తేదీ దాకా జరిపింది. "రేపు మళ్ళీ మారదు కదండీ?" అని అడిగింది.

లాప్‌టాప్‌లో టేబుల్ మళ్ళీ తెరిచి, ఆమె వరసతో పాటు పైనా కిందా ఉన్న తేదీలు కూడా చూసుకున్నాకే "మారదమ్మా" అనగలిగాను.