మూడంగుళాలు అడిగిన హాజీ

2006లో నేను షార్జాలో, సజ్జా వైపు ఒక చిన్న గ్యారేజీలో పనిచేసేవాణ్ణి. మాది కడప జిల్లా. ఊళ్లో ట్రాక్టర్లూ లారీలూ బాగుచేసిన అనుభవం తప్ప చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేదు. అక్కడ నాకు పెద్ద మేస్త్రీ నెల్లూరాయన. మా నాన్న వయసువాడు, ఇరవై ఏళ్లుగా ఆ దేశంలోనే ఉన్నవాడు. ఆయన్ని చాచా అని పిలిచేవాణ్ణి. పని చేసేటప్పుడు మాట్లాడేవాడు కాదు. చేశాక మాత్రం బాగా మాట్లాడేవాడు.

చలికాలంలో ఒక ఉదయం పెద్ద అమెరికన్ పికప్ ఒకటి మా షెడ్డు ముందు ఆగింది. తెల్లగడ్డం అరబ్బు ముసలాయన దిగాడు. కొండల అవతల తూర్పు తీరాన ఖోర్ ఫక్కాన్‌లో చేపల పడవ ఉన్న మనిషి, అందరూ హాజీ అనేవారు. అరబ్బీ, హిందీ కలిపి గట్టిగా మాట్లాడతాడు. బండి వెనక్కి వెళ్లి, పక్కకి వెళ్లి, మాకు చూపించాడు. ఆ రకం బండ్లన్నిటికీ ఉన్నట్టే దీనికీ వెనకభాగం ఎత్తు, ముందుభాగం పల్లం.

"నమాజుకి రోజూ అయిదుసార్లు నేను వంగితే చాలదా, నా బండి కూడా వంగే ఉండాలా?" అన్నాడు. "మా అన్న కొడుకు తన బండికి ముందుభాగం లేపించాడు. నాకూ కావాలి. మూడంగుళాలు. యల్లా!"

దీన్ని లెవలింగ్ కిట్ అంటారు. ముందు చక్రాల పైనుండే స్ప్రింగు, షాకబ్జర్ల గుత్తిని విప్పి, దాని నెత్తిన గుండ్రటి లోహపు దిమ్మ పెట్టి మళ్లీ బిగిస్తారు. బండి ముందుభాగం ఆ మేరకు లేస్తుంది. చాచా సరేనన్నాడు. నేను ఊరుకోలేకపోయాను.

"హాజీ, ఈ బండి వెనక ట్రైలర్ మీద పడవ లాగుతారా?"

"వారానికి నాలుగు రోజులు లాగుతాను."

"పడవ తగిలిస్తే వెనక కుంగుతుంది. ముందు మూడంగుళాలు లేపితే బండి మూతి ఆకాశం చూస్తుంది. స్టీరింగ్ తేలిపోతుంది. ఒకటిన్నర చాలు."

హాజీ కళ్లు పెద్దవి చేశాడు. "నువ్వేమైనా ఇంజినీరువా?"

చాచా తెలుగులో కసిరాడు. "గిరాకీ అడిగింది చేసేదానికి మనం ఉండేది. నీకెందుకబ్బయా ఆ గోల?"

పడవ తగిలించి కొలవకుండా ముట్టుకోనని నేను మొండికేశాను. హాజీ కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "పడవ ఇక్కడికి రాదు. నువ్వే పడవ దగ్గరికి రా" అన్నాడు.

ఆ శుక్రవారం ఆయనే వచ్చి ఎక్కించుకున్నాడు. ఎర్రటి బోడి కొండల మధ్య నుంచి దిగి ఖోర్ ఫక్కాన్ సముద్రం కనబడగానే నేను వచ్చిన పని కాసేపు మరిచిపోయాను. ఆ దేశానికి వచ్చి మూడేళ్లయినా అప్పటిదాకా సముద్రం చూడలేదు. హాజీ ఇంట్లో ఖర్జూరాలు తిని, గహ్వా అనే అరబ్బు కాఫీ తాగి, టేపు పట్టుకుని ఒడ్డున కూర్చున్నాను. చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా నాలుగు మూలలా కొలిచాను. ఖాళీగా ఉన్నప్పుడు ముందుభాగం రెండున్నర అంగుళాలు తక్కువ. పడవ తగిలించాక తేడా ఒక్క అంగుళమే మిగిలింది. అంటే మూడు లేపితే మూతి వెనకకంటే రెండంగుళాలు పైకి పోతుంది. హాజీ కూడా వంగి టేపు చూశాడు. "సరే, ఒకటిన్నర. ఖలాస్" అని విసుగ్గా ఒప్పుకున్నాడు.

విడిభాగాల దుకాణంలో మూడంగుళాల కిట్లే ఉన్నాయి. ఒక డబ్బా తెరిచి దిమ్మ మందం కొలిస్తే సరిగ్గా ఒకటిన్నర అంగుళం! డబ్బా మీద మూడని అబద్ధం రాశారనీ, మనకు కావలసింది ఇదేననీ అనుకుని ఎగిరి గంతేసి తెచ్చాను. చాచాకి చూపించాను. ఆయన దిమ్మను అటూ ఇటూ తిప్పి, "బిగించు" అని మాత్రం అన్నాడు.

హాజీ బండి వదిలి వెళ్లిన రోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కణ్ణే బిగించాను. జాకీలు దించి, బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదిపి, టేపు పెట్టాను. ముందుభాగం ఒకటిన్నర కాదు, దాదాపు మూడంగుళాలు లేచింది.

అప్పటికే వచ్చి కూర్చున్న హాజీ లేచి చప్పట్లు కొట్టాడు. "మాషా అల్లా! ఇదే కదా నేను అడిగింది!"

నోరు మూసుకుంటే ఆయన సంతోషంగా వెళ్లిపోయేవాడు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను. కానీ ఆయన దగ్గరికి వెళ్లి, "హాజీ, ఇది నా తప్పు. కొలత తప్పింది. సరిచేసేదాకా బండి ఇవ్వను" అన్నాను. ఆయన తల గోక్కుంటూ బెంచీ మీద మళ్లీ కూలబడ్డాడు.

చాచా అప్పుడు నోరు విప్పాడు. "షాకబ్జర్ కాలు చక్రం దగ్గర ఆనదబ్బయా. చక్రాన్ని మోసే చెయ్యి ఉండాదే, దాని నడిమధ్య ఆనుతాది. తలుపు నడిమధ్యన జానెడు తోస్తే చివర ఎంత జరుగుద్ది? రెండు జానలు. ఇదీ అంతే. డబ్బా మీద రాసింది దిమ్మ మందం కాదు, బండి లేచే ఎత్తు. అది నిజమే."

"తెలిసీ ముందే చెప్పకపోతివే చాచా!"

"హాజీ మొహం మీదనే అంత ధీమాగా చెప్పినోడికి నేనేం చెప్పేది? చూసి తెలుసుకుంటావనుకున్నా." నవ్వాడు. నాకు కోపం వచ్చింది. కానీ నవ్వూ ఆగలేదు.

పక్క వీధిలో లేతు పని చేసే పంజాబీ ఆయన దగ్గరికి దిమ్మలు తీసుకెళ్లి ముప్పావు అంగుళానికి చెక్కించాను. ఈసారి విప్పడానికి చాచా కూడా చెయ్యి వేశాడు. సాయంత్రం అయ్యేసరికి లెక్క ఒకటిన్నరకి కుదిరింది. చక్రాల అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్లు కొంచెం కిందికి తిప్పాం. హాజీ బండి చుట్టూ తిరిగి, "మా అన్న కొడుకు నవ్వుతాడు" అని గొణిగి వెళ్లిపోయాడు.

రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చాడు. ఏం చెడిందోనని నేను గబగబా లేచాను. ఆయన వెనక తలుపు దించి, ఐసు పెట్టె నా ముందుకి తోశాడు. నిండా చేపలు.

"పడవతో కొండదారి ఎక్కాను. బండి రోడ్డుని గట్టిగా పట్టుకుంది. మా అన్న కొడుకు బండి పడవ తగిలిస్తే ఊగుతోందట. వాణ్ణి నీ దగ్గరికి పంపుతాను. వాడు మూడంటాడు, నువ్వు ఒప్పుకోకు."

ఆ రాత్రి మా గదిలో చాచా నెల్లూరు పద్ధతిలో పులుసు పెట్టాడు. చింతపండు కొంచెం ఎక్కువైంది. ఆ మాట ఎవరం అనలేదు, అన్నం మాత్రం రెండోసారి వండుకోవలసి వచ్చింది.