రస్ కొవాలిక్ కేక

యంగ్స్‌టౌన్‌లో వారమంతా వెల్డింగ్ పని చేసే రస్ కొవాలిక్, ఆదివారాలు ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ముందుకు విసిరే ఆటగాడు. వయసుతో భుజం అరిగినా, బంతి అందుకునే ముందు అతడు పెట్టే కేకకు మాత్రం వన్నె తగ్గలేదు. అందులోని విరుపుకు భ్రమసి ప్రత్యర్థులు బంతి కదలకముందే గీత దాటి ఉరికేవారు. ఆ తప్పుకు శిక్షగా అయిదు గజాల మైదానం సమర్పించుకునేవారు. తన తరువాత ఆ స్థానంలోకి రావలసిన కుర్రాడు టెరెల్‌కు ఆ స్వరం ఉపదేశించమని కోచ్ ఎంత వేడినా రస్ దాటవేస్తూ వచ్చాడు. అదీ ఇచ్చేస్తే జట్టులో తనకిక చోటుండదని అతని భయం.

ఒకనాటి సాధనలో ఎదుటి వరుసకు మనిషి తక్కువై రస్ అక్కడ నిలిచాడు. టెరెల్ కేక పెట్టాడు. అది రస్ కేకను విని విని పట్టుకున్న విరుపే. రస్ కాలు గీత దాటింది; బంతి ఇంకా నేలమీదే ఉంది.

"ఏంటి పెద్దాయనా, నీ ఎరకి నువ్వే చిక్కావా?" అంటూ టెరెల్ పగలబడి నవ్వాడు.

"నోర్ముయ్. నాలాంటి ముసలోడు పడ్డాడు గానీ, కుర్రాళ్లు పడతార్రా దీనికి? చివర్లో తొందరపడ్డావ్. ఊపిరి బిగబట్టి ఇంకాస్త ఆగు."

నేర్పడం మొదలుపెట్టానని, ఆ మాట అన్నాక గాని రస్‌కు తెలియలేదు. తెలిశాక కూడా ఆపలేదు.