మా ఫోర్ వీలు బావ

మా బావకి కళ్లద్దాలు అరగదీయడం వచ్చు. ఇంకేమీ రాదు. ఈ మాట అక్క ముందు అంటే ఊరుకోదు కాబట్టి ఇక్కడ అంటున్నాను. ఇరవై రెండేళ్లుగా ఒకే షాపులో, వెనక గదిలో, నీళ్లు కారే సానచక్రం ముందు కూర్చుని అద్దాన్ని ఫ్రేముకి సరిపోయేలా అరగదీస్తాడు. ఒక్కో అద్దాన్నీ లైటుకి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, వెంట్రుకంత గీత కనిపించినా పక్కన పడేస్తాడు. అంత చూపున్న మనిషి తన బండిని మాత్రం ఏనాడూ వంగి చూసుకున్న పాపాన పోలేదు.

బండంటే జీపు. పదకొండేళ్ల కిందట, ఎవరో వాడి వాడి వదిలించుకున్నదాన్ని కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. ఇక పెళ్లికెళ్లినా ఫోర్ వీలు కబుర్లే, పరామర్శకెళ్లినా ఫోర్ వీలు కబుర్లే. "మామూలు బండ్లకి రెండు చక్రాలే లాగుతాయండీ, మిగతా రెండూ ఊరికే దొర్లుతాయి. దీనికి అలా కాదు," అని మొదలుపెట్టాడంటే వినేవాడికి ఫోనైనా రావాలి, దేవుడైనా దిగి రావాలి. స్నేహితులంతా ఆయన్ని "ఫోర్ వీలు గారూ" అని పిలుస్తారు. అది వెక్కిరింత అని ఆయనకి ఇంతవరకూ తట్టలేదు.

నేను బండ్ల సామాన్లు అమ్మే షాపులో కౌంటర్లో ఉంటాను. రెండేళ్ల కిందట ఒకాయన పాత జీపుకి హబ్ లాకు కావాలని వచ్చాడు. ముందు చక్రం నడిమధ్యలో ఉండే, అరచేతిలో పట్టేంత గుండ్రటి బిళ్ల. "ఇదెందుకండీ?" అంటే చెప్పాడు. ఆ కాలపు బండ్లకి లోపల గేరు వేస్తే సరిపోదట. దిగి, ముందు చక్రాలు రెండిటికీ ఉన్న ఈ లాకుల్ని చేత్తో తిప్పాలట. తిప్పకపోతే లోపల లైటు వెలుగుతుంది, గేరు పడుతుంది, ముందు చక్రాలు మాత్రం ఊరికే దొర్లుతాయి. ఆ సాయంత్రమే అక్కవాళ్లింటికి వెళ్లి చూశాను. రెండు లాకులూ తుప్పు పట్టి, మట్టి గడ్డకట్టి, కొన్ననాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అంటే మా ఫోర్ వీలు గారు అన్నేళ్లుగా తిరుగుతున్నది రెండే రెండు చక్రాల బలం మీద.

నవ్వాపుకోలేక చచ్చాను. కానీ ఎవరికీ చెప్పలేదు. ఇంత మంచి సరుకు ఊరికే పారబోసుకోకూడదు, నలుగురి ముందు బయటపెట్టాలి అనుకుని దాచుకున్నాను.

ఈ మధ్య బావ పనిచేసే షాపు యజమాని నెలాఖరుకి మూసేస్తున్నానన్నాడు. అద్దాలిప్పుడు ఎక్కడో యంత్రమే కోసి పంపిస్తోందట. బావకి నలభై ఏడేళ్లు. ఆ వయసులో, ఆ ఒక్క పనీ చేతిలో పెట్టుకుని ఎక్కడికి వెళ్తాడు? అక్క ఎవరితోనూ గొడవపడటం మానేసిందంటే ఇంటి పరిస్థితి ఊహించుకోవచ్చు. అప్పుడు బావ స్నేహితుడు, పళ్ల డాక్టరు, ఒక దారి చూపించాడు. అడవి లోపల గుడారాలు వేసి జనాన్ని దింపే క్యాంపు ఓనరు ఒకాయన ఉన్నాడు. ఆ రాళ్లదారిలో మనుషుల్ని తీసుకెళ్లి తీసుకొచ్చే డ్రైవరు కావాలి. "ఆదివారం అందరం కలిసి అడవికి వెళ్దాం. ఆయనా వస్తాడు. నీ డ్రైవింగు చూస్తాడు," అన్నాడు. ఆ ఒక్క రోజు సవ్యంగా గడిస్తే బావకి ఉద్యోగం వచ్చినట్టే.

అక్క నన్ను పక్కకి పిలిచింది. "నువ్వూ వెళ్లరా తమ్ముడూ. ఆయన నోరు కాస్త అదుపులో పెట్టు," అంది.

పొద్దున్నే రెండు బండ్లలో బయల్దేరాం. డాక్టరుది కొత్త బండి, దాన్లో అన్నిటికీ బటన్లే. ఓనరు మా జీపులో ముందు కూర్చున్నాడు, నేను వెనక. తారురోడ్డు దిగగానే బావ గేరు వేశాడు, లైటు వెలిగింది. "ఇప్పుడు నాలుగూ లాగుతున్నాయండీ, తెలుస్తోందా?" అన్నాడు. ఓనరు మర్యాదకి తలూపాడు. నేను పెదవి కొరుక్కుని చెట్లు చూస్తూ కూర్చున్నాను.

ఎండిన వాగు దాటాక గుట్ట వచ్చింది. నిటారు ఎక్కుడు, అడుగు వేస్తే కదిలే రాళ్లు. డాక్టరు బటన్ నొక్కి, గర్రుమని ఎక్కేసి, పైనుంచి ఈల వేశాడు. మా వాడు దిగాడు. గుట్టంతా నడిచాడు. ప్రతి రాయినీ కాలితో తోసి చూశాడు, కొన్నిటిని ఎత్తి పక్కన పెట్టాడు, కిందికొచ్చి మళ్లీ పైకెళ్లాడు. ఇరవై నిమిషాలు. ఆ తర్వాత వచ్చి, ఒకసారి జారి, రెండోసారి కుడికీ ఎడమకీ తిప్పుకుంటూ ఎక్కించాడు. ఓనరు వెనక్కి తిరిగి నాతో, "మీ బావగారు చాలా జాగ్రత్తపరుడండీ," అన్నాడు. ఇక పని అయినట్టే. ఇక్కడ బావ నోరు మూసుకుంటే చాలు.

పైన చెట్టు నీడలో డబ్బాలు విప్పుకుని తింటుండగా మొదలుపెట్టాడు. "నాదేముందండీ, అంతా బండిదే. ముందు చక్రాలు గోళ్లతో పట్టుకున్నట్టు పట్టుకుని పైకి లాగేస్తాయి." ఓనరు నవ్వి ఊరుకున్నాడు. బావకి అది చాల్లేదు. నావైపు చెయ్యి చూపించి, "వీడు మా బావమరిది. రోజంతా నట్లూ బోల్టులూ అమ్ముతాడు. ఏది ఎక్కడ బిగిస్తారో అడగండి, నోరెళ్లబెడతాడు," అన్నాడు. డాక్టరు పడీ పడీ నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. "ఒక్కటి మాత్రం తెలుసు బావా. ఇలా రా," అన్నాను. అందర్నీ ముందు చక్రం దగ్గరికి తీసుకెళ్లి, లాకు మీది మట్టి గోటితో గీకి, సంగతి చెప్పాను. ఓనరు వంగి తిప్పబోయాడు, కదల్లేదు. డాక్టరు తన బండిలోంచి నూనె తెచ్చి పోశాడు. ఇద్దరూ కలిసి పట్టి తిప్పితే టక్కుమని తిరిగింది.

"పదకొండేళ్లు! ఫోర్ వీలు గారూ, పదకొండేళ్లు!" అంటూ డాక్టరు నేల మీద కూలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. రెండేళ్లు దాచుకున్న నవ్వు కదా, కడుపారా నవ్వాను.

ఓనరు నవ్వలేదు. "రెండు చక్రాలతో ఆ గుట్ట ఎక్కించారంటే మామూలు విషయం కాదండీ," అన్నాడు. బావ మొహంలోకి కాస్త ప్రాణం వచ్చింది. "కానీ ఇన్నేళ్లు చూసుకోలేదంటే... నా దగ్గరికి పిల్లల్తో వస్తారండీ జనం. ఏమీ అనుకోకండి." అంతే. తిరిగి వెళ్లేటప్పుడు ఆయన డాక్టరు బండి ఎక్కాడు.

బావ ఆ చక్రం ముందే గొంతుక్కూర్చుని ఉన్నాడు. "నీకెప్పుడు తెలిసిందిరా?" అన్నాడు. 'ఇప్పుడే' అని అబద్ధం చెప్పొచ్చు. కానీ నా తెలివి ఎంత పాతదో కూడా ఆయనకి తెలియాలి కదా! "రెండేళ్లయింది," అన్నాను.

"పోయిన ఎండాకాలం మీ అక్కనీ పాపనీ ఎక్కించుకుని ఈ గుట్టే ఎక్కాం," అన్నాడు మెల్లగా. "బండి సగం నుంచి జారి చెట్టుకి తగిలి ఆగింది. వీడియో తీస్తానని నువ్వు ముందే దిగిపోయావు."

అవును, దిగిపోయాను. ఆ వీడియో ఎంతమందికి పంపించి నవ్వించానో కూడా గుర్తుంది. ఆయన మిగిలిన నూనె రెండో లాకుకి పోసి, దాన్నీ తిప్పి బండెక్కాడు.

ఇల్లు చేరేసరికి అక్క గుమ్మంలోనే ఉంది, పక్కన పాప. "ఏమన్నాడండీ ఆయన?"

"కుదర్లేదు," అన్నాడు బావ చెప్పులు విప్పుతూ. "బండిలో లోపముంది. ముందు చక్రాలు ఇన్నాళ్లూ పనే చెయ్యట్లేదు. వీడే కనిపెట్టాడు, ఇవాళ." ఆ చివరి మాట నా మొహంలోకి చూస్తూ అని, లోపలికి వెళ్లిపోయాడు.

అక్క గుండెల మీద చెయ్యి వేసుకుంది. పాపని దగ్గరికి లాక్కుంది. "ఉద్యోగం పోతే పోయింది. నువ్వు వెళ్లబట్టి బయటపడింది రా. లేకపోతే ఈ పిల్లని వేసుకుని ఇంకెన్నాళ్లు అలా తిరిగేవాళ్లమో," అంటూ నా తల నిమిరింది. ఆకలేస్తోందేమోనని కూర్చోబెట్టి, బావ కంటే ముందు నాకే అన్నం పెట్టింది. పెట్టిందంతా తిన్నాను.